పోస్టుకార్డంత బొమ్మలో ఐదు వేల పశువులు: మోంటానా చిత్రకారుడు చార్లీ రస్సెల్

దారినపోయే_దానయ్య (సియాటిల్) | శుక్రవారం రాత్రి 9.12

పోయిన నెల పిల్లల సెలవుల్లో కారులో అమెరికాలోనే ఉన్న మోంటానా రాష్ట్రానికి వెళ్లాం. గ్లేషియర్ పార్కు చూసి వెనక్కి రావాలన్నదే అనుకున్న పని. దారిలో ఒక చిన్న ఊళ్లో కాఫీకి ఆగితే, గల్లాపెట్టె వెనక గోడకు ఒక చిన్న బొమ్మ కనిపించింది. మంచులో ఒక పశువు. పశువు అనడం కూడా ఎక్కువే, నాలుగు ఎముకల మీద కప్పిన తోలు. తల వాలిపోయింది, వెన్ను వంగిపోయింది. చుట్టూ తోడేళ్లు. అవి మీదపడటం లేదు, తొందర పడటం లేదు, ఊరికే చూస్తున్నాయి. ఆ ఊరికే చూడటమే నన్ను పట్టుకుంది.

ఎవరు వేశారని అడిగితే కాఫీ పోస్తున్న పెద్దావిడ నన్ను విచిత్రంగా చూసింది. తిరుపతిలో నిలబడి కొండ మీద ఎవరుంటారని అడిగితే మనం ఎలా చూస్తామో అలాగ. "చార్లీ" అంది, ఇంటిపేరు కూడా చెప్పకుండా.

ఆ చార్లీ అంటే చార్ల్స్ మారియన్ రస్సెల్. దాంతో మా ప్రయాణం దారి మళ్లింది. గ్రేట్ ఫాల్స్‌లో ఆయన ఇల్లు, దుంగలతో కట్టుకున్న చిత్రశాల, పక్కనే మ్యూజియం చూశాం. రాష్ట్ర రాజధాని హెలెనాలో శాసనసభ గోడ మీది పెద్ద చిత్రమూ చూశాం. మా అబ్బాయికి ఎలుగుబంట్లు కనిపించలేదని కోపం.

ఇక్కడ ఎవరైనా ఈయన గురించి చదివారా? నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. ఆ ఎండిపోయిన పశువు మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

---

పాతపుస్తకాల_కొట్టు (విజయవాడ) | శుక్రవారం రాత్రి 10.40

దానయ్య గారూ, మంచి చోట ఆగారు. ఆ బొమ్మ పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ చినూక్'. చినూక్ అంటే అక్కడ చలికాలంలో రాకీ పర్వతాల మీది నుంచి దిగే వెచ్చని పొడిగాలి. దాని కోసం ఎదురుచూపు అన్నమాట. 'ఐదు వేలలో ఆఖరిది' అని ఇంకో పేరు కూడా ఉంది.

దాని వెనక కథ ఇది. 1886 వేసవిలో వానలు లేవు. మైదానాల్లో ఉన్న గడ్డికి మించి పశువులను తోలారు. గడ్డి మొలవడానికి ముందే మేసేశాయి. తర్వాత వచ్చిన చలికాలం అక్కడి పెద్దలకు కూడా కొత్త. ఎండుగడ్డి దాచుకునే అలవాటు అప్పటి పెద్ద పశువుల కంపెనీలకు లేదు. ఏడాది పొడవునా మంద తనంతట తానే మేసి బతుకుతుందన్న ధీమా. 1887 జనవరిలో మంచు తుఫానులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చాలా మందల్లో సగానికి పైగా పోయాయి. ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ అప్పట్లో డకోటాలో పశువులు పెంచేవాడు. ఆయన మందలోనూ సగం పైన పోయింది.

జూడిత్ లోయలో హెలెనా ఆసామి లూయీ కాఫ్‌మన్ మంద ఉండేది. పశువులు ఎలా ఉన్నాయని ఆయన ఉత్తరం రాశాడు. మందను చూసే మేస్త్రీ జవాబు రాయలేక తలపట్టుకుని కూర్చున్నాడు. ఏమని రాస్తాడు? అదే బసలో ఉన్న ఇరవై రెండేళ్ల రస్సెల్ ఒక అట్టముక్క తీసుకుని, పోస్టుకార్డంత మేర నీటిరంగులతో ఈ బొమ్మ వేశాడు. ఇది చూశాక మేస్త్రీకి వేరే రాయవలసింది ఏమీ కనిపించలేదు. ఉత్తరానికి బదులు బొమ్మే వెళ్లింది. కాఫ్‌మన్ దాన్ని తెలిసినవాళ్లందరికీ చూపించాడు, తర్వాత హెలెనాలో ఒక దుకాణం అద్దాల వెనక పెట్టించాడు. రస్సెల్ పేరు ఊరికి తెలిసింది అప్పుడే.

తన పశువులన్నీ చచ్చాయని చెప్పిన బొమ్మను ఆసామి నలుగురికీ చూపించుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

---

అడ్డపుల్ల (హైదరాబాదు) | శుక్రవారం రాత్రి 11.25

పుల్ల పెట్టకపోతే నా పేరుకు అర్థం లేదు. కౌబాయ్ బొమ్మలు అంటే నాకు ఒక అనుమానం. గుర్రం, టోపీ, తుపాకి, వెనకాల ఎర్రటి ఆకాశం. ఆ నేల ఎవరిది, వాళ్లు ఎక్కడికి పోయారు అన్న ప్రశ్న ఆ చిత్రాల్లో ఉండదు. మీ చార్లీ కూడా ఆ తానులో ముక్కే కదా? పోయినవాళ్ల మీద కన్నీళ్లు పెట్టే బొమ్మలను, వాళ్లను పంపించినవాళ్లు కొనుక్కుని డ్రాయింగు రూముల్లో తగిలించుకున్నారు.

---

పశువుల_డాక్టరు (ఒంగోలు) | శనివారం ఉదయం 6.05

నాకు బొమ్మలు తెలియవు, పశువులు తెలుసు. ముప్పై నాలుగేళ్లు ఆ ఉద్యోగమే చేసి దిగాను. దానయ్య గారి మాట చదివి ఆ చిత్రం కంప్యూటర్‌లో తెరిచి, పెద్దది చేసి పావుగంట చూశాను.

ఈ కుర్రవాడు చచ్చిపోతున్న పశువును దగ్గరగా, రోజుల తరబడి చూశాడు. ఊహించి వేసే బొమ్మలో డొక్కలు మాత్రమే గీస్తారు, బక్కచిక్కింది అని చెప్పడానికి. నిజానికి డొక్కలు ముందే తేలతాయి, అప్పటికి ఇంకా ప్రమాదం లేదు. తర్వాత తుంటి ఎముకలు కొక్కేల్లాగా పైకి లేస్తాయి, తోక మొదలు రెండు పక్కలా గుంటలు పడతాయి, వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. చివరికి పశువు కాళ్లు దగ్గరికి చేర్చుకుని నడుము ఎత్తి నిలబడుతుంది. పడుకోదు. పడుకుంటే మళ్లీ లేవలేనని దానికి తెలుసు. మా జిల్లాలో కరువు ఏళ్లలో అలా నిలబడ్డవాటిని చూశాను. లేపడానికి నలుగురం వాసాలు వేసి ఎత్తేవాళ్లం.

ఇంకో మాట. గుర్రం మంచును డెక్కతో గీకి కింద గడ్డి తింటుంది. అడవి దున్న, అదే బైసన్, తల అటూ ఇటూ ఊపి మంచును చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేస్తుంది. దాని మెడ, మూపురం అందుకే అంత బరువు. ఆవుజాతికి ఆ విద్య లేదు. ముట్టెతో తోస్తుంది, అంతే. పైన కొంచెం కరిగి మళ్లీ గడ్డకట్టిందా, ఆ పెంకు ముట్టెను, మోకాలి కింది తోలును కోసేస్తుంది. గడ్డి జానెడు లోతులోనే ఉన్నా దానికి అందదు. బైసన్‌ను తరిమేసి ఆవును తెచ్చిన చోట ప్రకృతి ఆ బాకీ వసూలు చేసింది.

అది ఆవు కాకపోవచ్చు. మాంసం కోసం పెంచే మందల్లో విత్తు కొట్టిన కోడెలే ఎక్కువ.

---

నీటిరంగులు (విశాఖపట్నం) | శనివారం ఉదయం 8.30

డాక్టరు గారూ, మీ రాత చదివాక ఆ చిత్రం చూస్తే ఇడ్లీ దిగలేదు.

---

కాల్గరీ_కమల (కాల్గరీ) | శనివారం ఉదయం 9.48

చినూక్ గురించి చదివి కాకుండా అనుభవించి చెప్పగలిగినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నేమో. మేము ఉన్నది కెనడాలో అయినా అదే కొండల తూర్పు పక్క.

రెండు వారాలు మైనస్ ఇరవై అయిదులో ఉంటాం. కారు తలుపు తెరుచుకోదు, ముక్కులో వెంట్రుకలు గడ్డకడతాయి. ఒక రోజు పొద్దున్న పడమటి దిక్కున కొండల పైన మబ్బులు ఒక వంపు తిరిగి నిలుస్తాయి. కింద నీలంగా ఖాళీ ఆకాశం, దాని మీద దుప్పటి ముడిచి పెట్టినట్టు మబ్బు. ఆ వంపు కనిపించిందంటే గాలి వస్తోందని లెక్క. కొండకు అవతల తడి అంతా వదిలేసి, ఇవతలికి జారుతూ వేడెక్కే గాలి. మధ్యాహ్నానికి చూరుల నుంచి నీళ్లు కారుతుంటాయి, పిల్లలు కోట్లు విప్పేస్తారు. నాకు మాత్రం ఆ రోజు తలనొప్పి తప్పదు.

మోంటానాలోనే, గ్రేట్ ఫాల్స్‌కు దూరం కాని లోమా అనే ఊళ్లో, 1972 జనవరిలో ఇరవై నాలుగు గంటల్లో మైనస్ 48 నుంచి ప్లస్ 9 సెల్సియస్‌కు ఎక్కింది. ప్రపంచంలో ఒక్క రోజులో అంత మార్పు ఇంకెక్కడా నమోదు కాలేదు.

అందుకే ఆ బొమ్మ పేరు నాకు గుచ్చుకుంటుంది. బయటి ఊళ్ల వాళ్లకు అది చావు బొమ్మ. ఇక్కడ ఉన్నవాళ్లకు అది పడమటి దిక్కు చూసే బొమ్మ. ఆ గాలి రేపు వస్తే పశువు బతుకుతుంది. ఎల్లుండి వస్తే లేదు.

ఇంకొకటి, 1888 వేసవిలో ఆయన ఇటు అల్బర్టా వచ్చి బ్లాక్‌ఫుట్ తెగల్లో ఒకటైన బ్లడ్ వాళ్ల దగ్గర కొన్ని నెలలు గడిపాడు. వాళ్లు తమను కైనాయ్ అని చెప్పుకుంటారు. కాల్గరీకి దక్షిణాన ఇప్పటికీ వాళ్ల నేల ఉంది. అడ్డపుల్ల గారికి ఇది పనికి వస్తుంది.

---

కుంచె (సిద్దిపేట) | శనివారం మధ్యాహ్నం 2.15

బడిలో డ్రాయింగు చెప్పి బతికినవాణ్ని, కాబట్టి పనితనం గురించి రెండు మాటలు.

రస్సెల్ 1864లో సెయింట్ లూయిస్‌లో కలిగిన ఇంట్లో పుట్టాడు. చదువు ఒంటబట్టలేదు. పదహారో ఏట, 1880లో మోంటానా వచ్చాడు. మొదట గొర్రెల దగ్గర పెట్టారు, అది కుదరలేదు. జేక్ హూవర్ అనే వేటగాడు చేరదీసి రెండేళ్లు కొండల్లో తన గుడిసెలో ఉంచుకున్నాడు. జింకను కోసినప్పుడు కండ ఎముకకు ఎక్కడ అతుక్కుంటుందో చూడటం అక్కడే. ఆర్టు కాలేజీలో శరీర నిర్మాణం పాఠం ఉంటుంది, ఈయనకు ఆ పాఠం వంటకు ముందు జరిగేది.

తర్వాత పదకొండేళ్లు మందల దగ్గర రాత్రి కాపలా. దీన్ని తేలిగ్గా దాటిపోకండి. రాత్రి కాపలావాడికి పగలు పని లేదు. మిగతా కాపరులు తాడు విసురుతూ, కోడెలను పడదోస్తూ, వాతలు పెడుతూ ఉంటే ఈయన పక్కన కూర్చుని బొమ్మలు గీసుకునేవాడు. తాను గొప్ప రౌతునూ కాదు, తాడు విసరడంలో మొనగాణ్నీ కాదని ఆయనే ఒప్పుకున్నాడు. అదే మేలయింది. మొనగాడైతే బొమ్మలు గీసే తీరిక ఉండేది కాదు.

జేబులో ఎప్పుడూ తేనెమైనం ముద్ద ఉండేది. ఎవరితోనైనా మాట్లాడుతూ బొటనవేలితో నొక్కి ఎలుగుబంటినో గుర్రాన్నో చేసేవాడు, మాట అయ్యేసరికి నలిపి మళ్లీ ముద్ద చేసేవాడు. పెద్ద చిత్రాలకు ముందు మైనంతో, మట్టితో బొమ్మలు చేసి, వెలుగు ఎటు పడితే నీడ ఎటు పోతుందో చూసుకునేవాడు. కంచు శిల్పాలకు ఇదే పునాది. మొదటిది 1904లో న్యూయార్కులో పోతపోశారు.

రంగుల సంగతికి వస్తే, మొదటి ఇరవై ఏళ్ల చిత్రాలు మట్టిరంగులే. న్యూయార్కు వెళ్లి అక్కడి పత్రికా చిత్రకారులతో తిరిగాక పాలెట్ మారింది. కొండల మీద ఊదా, మంచు నీడల్లో నీలం, సాయంకాలం ధూళిలో నారింజ వచ్చాయి. కొన్ని చిత్రాల్లో ఆ ఊదా కొంచెం ఎక్కువే అయిందని నా అభిప్రాయం. సంతకం పక్కన మాత్రం ఒక చిన్న బైసన్ పుర్రె.

మా ఊరి కాపు రాజయ్య గారిని తలచుకోకుండా ఉండలేను. బోనాలు, బతుకమ్మ, పల్లె కూలీలు ఆయన చిత్రాల్లో ఎంత ఉన్నారో అందరికీ తెలుసు. అయితే రాజయ్య గారు వేసినవి కిటికీ తీస్తే కనిపించేవి. రస్సెల్ పేరు తెచ్చుకున్న నాటికి ఆయన వేసేవి చాలావరకు లేవు. ఇద్దరూ పల్లె బొమ్మల వాళ్లే అని ఒక్క గాటన కట్టేయడం సరి కాదు.

---

అడ్డపుల్ల (హైదరాబాదు) | శనివారం రాత్రి 8.50

కుంచె గారూ, ఆఖరి పేరా నా మాటే చెబుతోంది. లేనివాటిని వేశాడు. ఎందుకు లేవో వేశాడా?

నిన్న రాత్రి కూర్చుని ఆయన చిత్రాలు వంద దాకా చూశాను. 'కీయోమా' అని 1896 నాటిది ఒకటి ఉంది, గుడారంలో ఒరిగి పడుకున్న ఆదివాసీ యువతి. దానికి భంగిమ ఇచ్చింది ఆయన పెళ్లాడిన నాన్సీయేనట. తెల్లావిడకు ఆ బట్టలు కట్టి పడుకోబెట్టారు. పారిస్‌లో కూర్చుని తూర్పు దేశాల అంతఃపురాలను ఊహించుకున్నవాళ్ల బొమ్మలకు దీనికి తేడా ఏమిటో చెప్పండి.

---

దారినపోయే_దానయ్య (సియాటిల్) | శనివారం రాత్రి 10.20

అడ్డపుల్ల గారూ, ఆ చిత్రం గురించి నేను వాదించను. హెలెనాలో చూసినది మాత్రం చెబుతాను, మీరే తీర్పు ఇవ్వండి.

శాసనసభ ప్రతినిధుల సభామందిరంలో స్పీకరు కుర్చీ వెనక గోడ మొత్తం ఒకే చిత్రం. పన్నెండు అడుగుల ఎత్తు, ఇరవై అయిదు అడుగుల వెడల్పు. 1912లో వేశాడు. కాన్వాసు పట్టక తన చిత్రశాల కప్పు పైకి లేపించాడట. అప్పటి లెక్కలో ఐదు వేల డాలర్లు ఇచ్చారు. విషయం 1805 సెప్టెంబరులో రాస్ హోల్ అనే చోట, పడమటి సముద్రం దాకా దారి వెతకమని ప్రభుత్వం పంపిన లూయిస్, క్లార్క్ బృందం సేలిష్ తెగవాళ్లను కలవడం. అమెరికా బడిపిల్లలందరికీ తెలిసిన వీరగాథ.

ఇప్పుడు బొమ్మ చూడండి. ముందు భాగం అంతా సేలిష్ రౌతులు. గుర్రాలు కదం తొక్కుతున్నాయి, ఒకటి మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది, గడ్డి కాళ్ల కింద పడి వంగుతోంది, వెనక కొండల మీద కొత్త మంచు. మరి కథానాయకులు ఎక్కడ? కుడి పక్కన, దూరంగా, చిన్నగా, అతిథులు నిలబడినట్టు నిలబడి ఉన్నారు. మా ఆవిడ రెండు నిమిషాలు వెతికి "వీళ్లేనా?" అంది.

రాష్ట్ర ప్రభుత్వం డబ్బిచ్చి వేయించుకున్న చిత్రంలో ఇంటివాళ్లు ఎవరో, వచ్చినవాళ్లు ఎవరో ఆయన అలా చెప్పాడు. స్పీకరు ఆ గుర్రాల కింద కూర్చుని సభ నడపాలి.

---

పాతపుస్తకాల_కొట్టు (విజయవాడ) | శనివారం రాత్రి 11.30

దానయ్య గారు చెప్పినదానికి ఒక తేదీ జోడిస్తే బరువు తెలుస్తుంది. ఆ రాస్ హోల్ ఉన్నది బిట్టర్‌రూట్ లోయ ఎగువన. అది సేలిష్ వాళ్ల సొంత లోయ. 1891లో వాళ్ల నాయకుడు చార్లో, మిగిలిన తన వాళ్లను తీసుకుని ఆ లోయ ఖాళీ చేసి ఫ్లాట్‌హెడ్ రిజర్వేషనుకు, అంటే ఆదివాసులకని ప్రభుత్వం కేటాయించిన నేలకు, వెళ్లవలసి వచ్చింది. రస్సెల్ ఆ గోడ చిత్రం వేసేనాటికి ఇరవై ఒక్క సంవత్సరాలు. ఓటు వేసి ఆ డబ్బు మంజూరు చేసిన సభ్యుల్లో చాలామందికి ఆ ఏడాది గుర్తుండే ఉండాలి.

అయితే అడ్డపుల్ల గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. బొమ్మలో చోటివ్వడం ఒకటి, నేల ఇప్పించడం ఇంకొకటి. రెండోదానిలోనూ ఆయన కొంత మాట సాయం చేశాడు. ఇల్లూ నేలా లేక ఊళ్ల అంచున తిరుగుతున్న చిప్పెవా, క్రీ ఆదివాసీ కుటుంబాలకు చోటు ఇవ్వాలని ఫ్రాంక్ లిండర్‌మన్ అనే రచయిత పోరాడాడు. రస్సెల్ ఆయనకు స్నేహితుడు, ఆ పోరులో ఆయన పక్షం నిలిచాడు. 1916లో రాకీ బాయ్ రిజర్వేషను వచ్చింది. గొప్ప త్యాగం అనను. అప్పటి మోంటానాలో అది మెప్పు తెచ్చే మాట మాత్రం కాదు.

బతుకు చివరి ఏళ్లలో ఊరి పెద్దల సభలో ఆయనను పయనీరు అని, అంటే తొలి దారి వేసినవాడు అని పొగిడితే ఒళ్లు మండింది. తెచ్చుకున్న కాగితం పక్కన పెట్టేశాడు. పయనీరు అంటే పాడు కాని నేలకు వచ్చి, ఉన్న బొచ్చు జంతువులను పట్టేసి, వేట మాంసం తినేసి, చెట్లు కొట్టేసి, గడ్డి మేపేసి, వేళ్లతో సహా దున్నేసి, తీగ కంచెలు బిగించినవాడు అని చెప్పాడు. ఈ నేల తాను మొదట చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండి ఉంటే బాగుండేదని, మీరెవరూ ఇక్కడ లేకుండా ఉంటే బాగుండేదని అన్నాడు. విందుకు పిలిచినవాళ్ల ముఖాలు ఊహించుకోండి.

---

అడ్డపుల్ల (హైదరాబాదు) | ఆదివారం ఉదయం 7.10

ఆ ప్రసంగం తెలియదు. సగం పుల్ల వెనక్కి తీసుకుంటున్నాను. కీయోమా మీద సగం అలాగే ఉంచండి.

---

పశువుల_డాక్టరు (ఒంగోలు) | ఆదివారం ఉదయం 7.45

ఒక పక్కదారి మాట, పెద్దవాణ్ని కాబట్టి ఓర్చుకోండి. అమెరికాలో బ్రాహ్మన్ అని పిలిచే పశుజాతిని తయారుచేసిన వాటిలో మన ఒంగోలు రక్తం ఉంది, అక్కడ నెల్లూరు అంటారు. కాబట్టి కౌబాయ్ దేశంలో మన పశువుకు వాటా ఉంది.

---

కాల్గరీ_కమల (కాల్గరీ) | ఆదివారం ఉదయం 10.02

డాక్టరు గారూ, అది టెక్సాస్, ఫ్లోరిడా వైపు వేడి ప్రాంతాల మాట కదా? మోంటానా మంచులో మన ఒంగోలు గిత్తను నిలబెడితే చినూక్ దాకా కూడా ఆగదు.

---

పశువుల_డాక్టరు (ఒంగోలు) | ఆదివారం ఉదయం 10.09

నిజమే తల్లీ. రస్సెల్ బొమ్మలో మూపురం వెతికి నేనే నవ్వుకున్నాను.

---

నీటిరంగులు (విశాఖపట్నం) | ఆదివారం మధ్యాహ్నం 3.33

అందరూ ఆయన గురించే మాట్లాడుతున్నారు, నాన్సీ గురించి ఒక్కరూ లేరు. పెళ్లినాటికి ఆమెకు ఇరవై నిండలేదు, ఆయనకు ముప్పై రెండు. అంతకుముందు ఆయన బొమ్మలు ఎలా పోయేవో తెలుసా? సారా దుకాణంలో బాకీ కింద. స్నేహితుడు బాగుందంటే చుట్టి చేతిలో పెట్టేవాడు. ధర చెప్పడానికి నోరు వచ్చేది కాదు. ఆ నోరు నాన్సీది. పొద్దున్నే కూర్చోబెట్టి పని చేయించేది. బయట నుంచి ఈల వేసి పిలిచే సావాసగాళ్లను గుమ్మం దగ్గరే ఆపేది. వాళ్లందరికీ ఆమె అంటే పడేది కాదు, చరిత్ర రాసినవాళ్లలోనూ కొందరికి పడలేదు.

ఆమె చెప్పే ధరలు విని, అవి చచ్చిపోయిన చిత్రకారులకు పలికే ధరలని ఆయనే జడుసుకున్నాడట. 1911లో న్యూయార్కులో ఒంటరి ప్రదర్శన, 1914లో లండన్ ప్రదర్శన, అన్నీ ఆమె తిరిగి కుదిర్చినవే. 1903లో ఇంటి పక్కన దుంగల చిత్రశాల కట్టించాలన్నదీ ఆమె ఆలోచనే. టెలిఫోను స్తంభాల దేవదారు దుంగలతో కట్టారు. పట్నం మధ్యలో అడవి గుడిసె ఏమిటని మొదట ఆయన సిగ్గుపడ్డాడు. తర్వాత అందులోంచి బయటికి రాలేదు.

2005లో ఆయన 'పీగన్స్' అనే చిత్రం వేలంలో 56 లక్షల డాలర్లు పలికింది. సారా దుకాణాల్లో చేరిన బొమ్మలు తర్వాత ఎక్కడికి పోయాయో కూడా చూడండి. గ్రేట్ ఫాల్స్‌లో మింట్ అనే సారా దుకాణం గోడల నిండా ఆయన చిత్రాలు ఉండేవి. 1952లో ఆ సేకరణ మొత్తాన్ని టెక్సాస్‌కు చెందిన ఏమన్ కార్టర్ కొన్నాడు. ఇప్పుడు ఫోర్ట్‌వర్త్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో చూడాలి.

---

కుంచె (సిద్దిపేట) | ఆదివారం సాయంత్రం 6.20

అమ్మా, సరిగ్గా గుర్తు చేశారు.

జంతువుల చిత్రాల గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదు. 'వెన్ ది ల్యాండ్ బిలాంగ్డ్ టు గాడ్', 1914. మిస్సోరీ నది దాటి గట్టెక్కుతున్న బైసన్ మంద. మనిషి లేడు. గుడారం లేదు, గుర్రం లేదు, పొగ కూడా లేదు. మంద మన వైపే వస్తోంది, ముందున్న పోతు కళ్లు మన కళ్లలోకి చూస్తాయి. పక్కనే తోడేళ్లు. తోడేళ్లను ఈయన విలన్లుగా వేయడు. మంద ఉన్నచోట అవి ఉంటాయి, అంతే. మంచు బొమ్మలోనూ అదే చూశాం.

ఆ మందను ఆయన చిన్నప్పుడు చూడగలిగే అవకాశం దాదాపు లేదు. ఆయన మోంటానా వచ్చాక మూడు నాలుగేళ్లలోనే అక్కడ బైసన్ వేట ముగిసింది. కోట్ల లెక్కలో ఉన్నవి 1880ల చివరికి వెయ్యి లోపుకు పడిపోయాయి. మరి అంత నమ్మకంగా ఎలా వేశాడు?

---

పాతపుస్తకాల_కొట్టు (విజయవాడ) | ఆదివారం రాత్రి 9.05

దానికి జవాబు మిషెల్ పాబ్లో మంద. ఫ్లాట్‌హెడ్ రిజర్వేషనులో పాబ్లో అనే రైతు బైసన్‌లను పెంచి కొన్ని వందలు చేశాడు. ఆ నేలను ప్రభుత్వం బయటివాళ్లకు పంచడానికి సిద్ధపడింది, మేపే చోటు పోతుంది. అమెరికా కాంగ్రెసు ఆ మందను కొననంది. కెనడా కొంది. 1907 నుంచి వాటిని పట్టి రైలెక్కించాలి. పట్టడం అంటే మన ఎడ్లను తోలినట్టు కాదు. కంచెలు విరిచేవి, గుర్రాలను పొడిచేవి, నదిలో దూకి అవతలికి పోయేవి. చివరికి బండ్ల మీద బలమైన బోనులు కట్టి ఒక్కొక్కదాన్ని రైలు స్టేషనుకు చేర్చారు.

1908లోనూ 1909లోనూ రస్సెల్ అక్కడికి వెళ్లి ఆ రౌతుల మధ్య ఉన్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో, ఎదురుగా నది, గట్టెక్కే మంద, వాటి ఒంటి నీళ్లు. 1914 చిత్రంలో ఉన్న నీళ్లు అవే అయి ఉంటాయని నేను అనుకుంటాను.

కమల గారి అల్బర్టాకే ఆ మంద చేరింది.

---

దారినపోయే_దానయ్య (సియాటిల్) | ఆదివారం రాత్రి 10.44

ఇన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే ఇంకో రెండు రోజులు ఉండేవాళ్లం. మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి పెద్ద చిత్రాలు కాదు, ఉత్తరాలు. స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో పైన ఒక మూల నీటిరంగుల బొమ్మ, దాని చుట్టూ రాత. అక్షర దోషాలు బోలెడు, కామాలూ చుక్కలూ కనిపించవు, అయినా మాట వినిపిస్తుంది. మా తాత ఇన్‌లాండ్ కవరులో మడత పెట్టే అంచు మీద కూడా రాసేవాడు, అది గుర్తొచ్చింది.

1926 అక్టోబరు 24న ఆయన పోయాడు. గ్రేట్ ఫాల్స్‌లో బడులకు సెలవు ఇచ్చారు. మోటారు బండి వద్దని గుర్రాలు కట్టిన బండిలోనే తీసుకెళ్లారు. ఆయన పేరుతో మిస్సోరీ ఒడ్డున సుమారు 11 లక్షల ఎకరాల వన్యప్రాణి ఆశ్రయం ఉంది, 1936లో మొదలైంది, 1963లో ఆయన పేరు పెట్టారు. అక్కడికి వెళ్లే దారి బాగోలేదని మా అబ్బాయిని సముదాయించాను. ఆ ఎలుగుబంటి బాకీ అలాగే ఉంది.

---

నీటిరంగులు (విశాఖపట్నం) | మంగళవారం రాత్రి 9.15

రెండు రోజులుగా ఆ చినూక్ బొమ్మను అదే పోస్టుకార్డు కొలతలో చూసి వేయడానికి తంటాలు పడుతున్నాను. నాలుగు కార్డులు చించాను. పెద్ద కాగితం మీద తప్పు దాక్కుంటుంది, ఇంత చిన్నదానిలో తుంటి ఎముక ఒక నూలు పక్కకు పోతే పశువు కాస్తా కుర్చీ అవుతోంది. మంచుకు రంగు వేయకూడదు, కాగితాన్ని వదిలేయాలి. వదలడానికి చెయ్యి రావడం లేదు. తోడేళ్లు మా వీధి కుక్కల్లా వస్తున్నాయి.

ఐదోది ఫోటో తీసి పెట్టాను. డాక్టరు గారూ, మొహమాటం లేకుండా చెప్పండి.

---

పశువుల_డాక్టరు (ఒంగోలు) | బుధవారం ఉదయం 5.50

అమ్మాయీ, తుంటి కుదిరింది, డొక్క కుదిరింది. చెవులు నిలబెట్టావు. అంత నీరసంలో చెవులు నిలబడవు, పక్కలకు వాలిపోతాయి. కంటి కింద గుంట ఇంకొంచెం లోతు చెయ్యి. కుక్కల్లా ఉన్నాయన్నావు గానీ, ఆ ఎడమ పక్క కూర్చున్నదాని జోలికి మాత్రం వెళ్లకు, బాగా వచ్చింది.

ఆరోది వేశాక పెట్టు.